సవతి ఇంటికొచ్చిన వేసవి

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నేను తడి కుళాయిలు ఆరబెడుతున్నది ఒక రేసు మోటారుసైకిలు మీదని ఆ వేసవిదాకా నాకు తెలియదు.

మాది నికెల్ పాలిష్ షాపు. తుప్పుపట్టిన కుళాయిలు, తలుపు గొళ్ళేలు, ఆసుపత్రి మంచాల కమ్మీలు, సైకిలు రిమ్ములు ఏడుపుమొహాలతో మా దగ్గరికొస్తాయి, పెళ్ళివారిలా తిరిగి వెళ్తాయి. వెనక గదిలో యాసిడ్ తొట్లు, ముందు గదిలో పాలిష్ మోటార్లు, మధ్యలో నల్లటి గొట్టాలతో చేసిన ఒక వంకర స్టాండు. తొట్టిలోంచి తీసిన సరుకు ఆ స్టాండుకే తగిలిస్తాం. అది ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. ఇంటి దూలం ఏ చెట్టుదో ఎవరడుగుతారు?

ఆ ఏడు చలికాలంలో డాక్టరు నాన్న ఛాతీకి ఫొటో తీయించి, ఇక ఈ పొగల దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. నలభై ఏళ్ళు మోటారు ముందు నిలబడ్డ మనిషి మర్నాటినుంచీ ఇంటి ముందుగదిలో కుర్చీకి అతుక్కుపోయాడు. షాపు నా మీద పడింది. నాన్న మాత్రం ఎవరికీ అందకుండా పోయాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. తింటావా అంటే తింటాడు, అడక్కపోతే మానేస్తాడు. పేపరు ఒకే పేజీ తెరిచి గంటసేపు చూస్తాడు. మొదట్లో అలక అనుకున్నాం. అలకైతే నెలరోజులకన్నా దిగుతుంది. నాన్న చొక్కా కాలరు మెడచుట్టూ వదులైపోవడం చూశాక నాకు నిజంగా భయం పట్టుకుంది.

"గోడకి చెవులుంటాయంటారు," అంది అమ్మ, ఒక మధ్యాహ్నం నాకు భోజనం పట్టుకుని షాపుకొచ్చి. "మీ నాన్న పక్కన కూర్చునే బదులు గోడ పక్కన కూర్చుంటే నయం. దానికి చెవులన్నా ఉన్నాయి."

నవ్వబోయి ఆగాను. అమ్మ మొహంలో నవ్వు లేదు.

"ఇలాగే వదిలేస్తే ఆయన మనకి దక్కడే. కూర్చుని కూర్చునే పోతాడు."

ఆ మాట అనేసి లేచి స్టాండు దగ్గరికి వెళ్ళింది. దానికి వేలాడుతున్న కుళాయిలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టడం మొదలుపెట్టింది. ఇంకా ఆరలేదమ్మా అంటున్నా వినలేదు.

"ఇది స్టాండు కాదు," అంది చివరి కుళాయి తీసి. "నా సవతి వెన్నెముక."

ఇక అమ్మ చెప్పింది అమ్మ మాటల్లోనే చెప్పాలి.

"నువ్వు పుట్టిన నెలకి మీ నాన్న కొండ రేసులో పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఒక చేత్తో నిన్నెత్తుకుని, ఒక చేత్తో మందుల చీటీ పట్టుకుని, ఆ రేసు బండో నేనో తేల్చుకోమన్నాను. నీ ఇష్టం అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. మొత్తంగా ఒకరికిచ్చేస్తే నాలుగు రోజుల్లో పోయి బతిమాలి తెచ్చుకుంటాడని నాకు తెలియదూ? అందుకని ముక్కముక్కలుగా విప్పించి, ఒక్కో ముక్క ఒక్కొక్కరికి పంచేశాను. ఎవరికి ఏమిచ్చానో ఇంకొకరికి తెలియనివ్వలేదు. ఈ ఫ్రేము ఒక్కటే ఎవరికీ అక్కర్లేకపోయింది. పడి ఉంటుందిలెమ్మని ఇక్కడ బిగించాను."

"నాన్నకి తెలుసా ఇదేమిటో?"

"ముప్ఫై రెండేళ్ళు రోజూ దానికే సరుకు తగిలించాడు, తెలియకపోవడమేమిటి. ఒక్కనాడు నోరెత్తలేదు." అమ్మ కొంగుతో ఫ్రేము మీది తడి తుడిచింది. "ఎక్కడెక్కడ ఏముందో నాకు తెలుసు. నా సవతిని నేనే వెళ్ళగొట్టాను, నేనే తెచ్చుకుంటాను. రేపటినుంచి పొద్దున పూట షాపు ఆలస్యంగా తెరువు."

ముందుగా వాల్వు మేస్త్రీ ఇంటికి వెళ్ళాం. నాన్న రేసు రోజుల్లో ఇంజను చూసినవాడు ఆయనే. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి, ఏ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదో చెప్పేవాడట. ఆ పేరు అలా వచ్చింది.

"చెల్లెమ్మా, ఆ రోజు నా చేతే విప్పించావు. ఇప్పుడు నన్నే అతికించమంటున్నావు," అన్నాడు. అన్నాడే గాని అప్పటికే పనిముట్ల పెట్టె మూత తీస్తున్నాడు. "వేసవి చివర కొండ రేసులో పాతబండ్లకి వేరే తరగతి పెడుతున్నారు. అందులో నిలబెడదాం. కాకపోతే వాళ్ళ షరతు గట్టిది. ఫ్రేము మీద కొట్టిన నంబరూ, ఇంజను మీద కొట్టిన నంబరూ రెండూ వాళ్ళ పాత రిజిస్టరుతో కలవాలి. లేకపోతే ఎంత గొప్ప బండైనా గేటు బయటే."

ఆ రెండు నెలలూ అమ్మ వెనకాల తిరగడమే నా పని. ఇంజను కలప మిల్లులో దొరికింది. మిల్లు యజమాని పదేళ్ళు దాంతో రంపం తిప్పి, కరెంటు మోటారు వచ్చాక మూలన పడేశాడు. ఇరవై ఏళ్ళ రంపపు పొట్టు దాని మీద పడి, నూనెలో నాని, గట్టి చెక్కలా బిగుసుకుపోయింది. ఉలితో చెక్కితేగాని ఇంజను బయటపడలేదు. ఏమిచ్చుకోమంటారని అడిగితే, తన మిల్లు తలుపుల ఇత్తడి సామాను మొత్తం తళతళలాడించి పెట్టమన్నాడు. పెట్రోలు ట్యాంకు క్షౌరశాల గోడకి వేలాడుతోంది. దానికి కుళాయి బిగించి ఆ క్షౌరశాల యజమాని ముప్ఫై ఏళ్ళుగా గడ్డాలు తడుపుతున్నాడు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు ఒకరి పెరటి గేటుకి స్తంభమై కూర్చుంది. దాన్ని తవ్వి తీసి, అక్కడ ఇనప గొట్టం పాతిపెట్టి వచ్చేసరికి నా నడుము పడిపోయింది.

అన్నిట్లోకీ కష్టపెట్టింది మాగ్నెటో. ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించేది అదే. అమ్మ దాన్ని ఒక సైన్సు మాస్టారికిచ్చింది. మాస్టారు దాన్ని చెక్కమీద బిగించి, పిడి పెట్టి, ఏటా ఒక తరగతి పిల్లలందరిచేతా చేతులు పట్టించి, గుండ్రంగా నిలబెట్టి పిడి తిప్పేవారట. ఉద్యోగం అయిపోయాక ఇంటికి తెచ్చేసుకున్నారు.

"ఎంత లేదన్నా మూడువేల మందికి షాకు కొట్టించింది ఇది," అన్నారు దాన్ని నిమురుతూ. "వాళ్ళలో ఇద్దరు ఇంజనీర్లయ్యారు. మిగతావాళ్ళు కరెంటంటే భయపడి బాగుపడ్డారు. దీన్ని ఊరికే ఎలా ఇస్తానమ్మా?"

"ఆరోజు నేను ఊరికే ఇచ్చాను కదండీ," అంది అమ్మ.

మాస్టారు మాగ్నెటో పిడి ఒకసారి తిప్పారు. "న్యాయమే. అయినా నా మనవలున్నారు. ఇంకోటి తెచ్చిపెట్టండి. షాకు మాత్రం ఇంతకన్నా తగ్గకూడదు."

పాతసామాన్ల యార్డులో వెతికి మూడు మాగ్నెటోలు పట్టుకెళ్ళాను. పరీక్ష అంటే మాస్టారికి సరదా కాదు. నేనూ అమ్మా చెయ్యీ చెయ్యీ కలిపి, రెండో చేత్తో చెరో తీగా పట్టుకోవాలి, ఆయన పిడి తిప్పుతారు. మొదటిది చక్కిలిగింత. రెండోది చీమ కుట్టినట్టు. మూడోదానికి అమ్మ నోట్లోంచి నా జన్మలో వినని మాట ఒకటి వచ్చింది. మాస్టారు తృప్తిగా తలూపి, "ఇది పాఠానికి పనికొస్తుంది," అన్నారు.

తెచ్చిన ప్రతి ముక్కనీ అమ్మ షాపుకి పంపేముందు ఇంట్లో నాన్న ఎదురుగా స్టూలు మీద పెట్టేది. నాన్న దాని వైపు చూసేవాడు. "ఎవరు తెమ్మన్నారు?" అన్నాడు ఇంజను వచ్చినరోజు. ట్యాంకుకి అది కూడా లేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, కాసేపటికి పేపరు ఎత్తుకునేవాడు. అమ్మ ఆ ముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టేది. ఇదంతా ఎవరికోసమో ఆ మనిషికే పట్టనప్పుడు మనం ఎందుకు ఊరంతా తిరుగుతున్నాం అని నాకు విసుగొచ్చింది, ఒకటి రెండుసార్లు ఏడుపూ వచ్చింది.

చివరికి కార్బురేటరు ఒక్కటి మిగిలింది. అది ఎవరి దగ్గరుందని ఎన్నిసార్లడిగినా అమ్మ మాట దాటేసింది. ఒక ఆదివారం పొద్దున లోపలికెళ్ళి, తన బట్టల పెట్టె అడుగునుంచి ఒక పాతగుడ్డ మూట తెచ్చి నాన్న ముందు విప్పింది. నూనె రాసి, గుడ్డ చుట్టి, మచ్చ లేకుండా ఉంది కార్బురేటరు.

"ఇది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు," అంది నేలవైపు చూస్తూ. "మీరు ఎలాగో తంటాలుపడి మిగతావన్నీ కూడబెట్టినా, ఇది లేకపోతే నడవదు కదా అని."

నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. థ్రాటిల్ ముక్కని వేలితో ఒకసారి పైకి ఎత్తి వదిలాడు. టక్కున జారింది.

"నూనె ఎవరు రాశారు?" అన్నాడు.

"నేనే. ఏడాదికోసారి. ఎందుకో ఏమిటో అడక్కండి."

నాన్న అడగలేదు. అమ్మ వైపు చాలాసేపు చూశాడు. ఆయన కార్బురేటరుని స్టూలు మీద జాగ్రత్తగా పెట్టేసి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. మళ్ళీ మామూలే.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఇంజను కింది భాగం రెండు అల్యూమినియం చిప్పలు. మేస్త్రీ లోపలి సామానంతా విప్పి, ఆ చిప్పలు రెండూ నా ముందు పెట్టి, "కడిగి పెట్టమ్మాయ్, బేరింగులు తెస్తాను," అని వెళ్ళాడు. కడిగి పెట్టమన్నాడు. కడగడమంటే కడగడమే. కానీ పాలిష్ షాపులో పుట్టినవాళ్ళకి శుభ్రానికీ మెరుపుకీ తేడా తెలియదు. రంపపు పొట్టు మరకలు, తెల్లటి బూజులాంటి తుప్పు, చిన్నచిన్న గుంటలు. అవి చూస్తూ ఊరుకోవడం నా చేతకాదు. పైగా ఒక ఆశ కూడా. దీన్ని అద్దంలా చేసి నాన్న ఒళ్ళో పెడితే, నా పని చూసైనా నోరు విప్పుతాడేమోనని.

మోటారు వేసి మొదలుపెట్టాను. పొద్దున పట్టినదాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకి గానీ వదల్లేదు. చిప్పలో నా మొహం కనపడింది, మొహం మీద మసి కూడా కనపడింది. అంతకన్నా మంచి పని నేను చేసి ఎరగను.

మేస్త్రీ వచ్చి ఎడమ చిప్ప ఎత్తి, అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"నంబరేదమ్మాయ్?"

"ఏ నంబరు?"

సిలిండరు కూర్చునే చోటికి కిందగా, రెండు వేళ్ళ వెడల్పున నున్నగా మెరుస్తున్న చోట ఆయన వేలు పెట్టాడు. అక్కడ ఏవో గీతలున్నట్టు నాకూ గుర్తే. గుంటలేమో అనుకుని రెండు పట్లు ఎక్కువే పట్టాను.

సాయంత్రం అయిదింటికి నంబర్లు చూడటానికి రేసు క్లబ్బునుంచి తనిఖీ మనిషి వస్తున్నాడు. చిప్ప ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేలమీద కూలబడ్డాను. రెండు నెలల తిరుగుడు, అమ్మ దాచుకున్న మూట, మాస్టారి షాకులు, అన్నీ నేనే చేతులారా రుద్ది చెరిపేశాను.

"ఏడుపెందుకు," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. పెట్టెలోంచి అంకెలు కొట్టే పంచ్‌ల సెట్టు తీసి బల్లమీద పరిచాడు. "నంబరు నాకు నోటికొచ్చు. మూడు ఒకటి ఎనిమిది సున్నా ఏడు. అయిదు దెబ్బలు. కొంచెం మసి రాస్తే ఎవరికీ తెలియదు."

వద్దనే శక్తి నాకు లేదు, నిజం చెప్పొద్దూ. సరే కొట్టెయ్ మామయ్యా అనబోతున్నాను. అప్పుడే అమ్మ వచ్చింది, సంగతి విన్నది, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. వెనకాల నాన్న ఉన్నాడు. ఇంటి చెప్పులతో, గుండీలు పెట్టుకోని చొక్కాతో. ఆయన షాపు గడప దగ్గరికి వచ్చి ఆర్నెల్లయింది.

లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి చెయ్యి చాపాడు. చిప్ప అందించాను. బొటనవేలితో నంబరు ఉండాల్సిన చోటు తడిమాడు.

"ఏ పాలిష్ చక్రం వాడావ్?"

"ముందు నూట ఇరవై గరుకుది. తర్వాత రెండొందల నలభై. చివర గుడ్డ చక్రం."

"గుడ్డ ఎంతసేపు?"

"గంటన్నర."

చిప్పని ఎండకి ఏటవాలుగా పెట్టి చూశాడు. "ఒక్క గీత లేదు," అన్నాడు. "నేనైతే ఎక్కడో ఒక గీత వదిలేసేవాణ్ణి."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

నాన్న బల్లమీది పంచ్‌లు చూశాడు. "అవి మూసెయ్ బావా. కొత్తగా కొట్టింది కొత్తగానే కనపడుతుంది. దొంగ నంబరు బండి నేనెక్కను."

నేనెక్కను అన్న మాట అమ్మ పట్టుకున్నట్టుంది. ఠక్కున నా వైపు చూసింది.

"పంచ్ దెబ్బ పైనే ఆగదమ్మడూ," అన్నాడు నాన్న. ఎన్నాళ్ళయిందో నన్నలా పిలిచి. "కిందదాకా దిగుతుంది. నువ్వు చెరిపింది పై అంకెనే. దాని కింద నలిగిన లోహం నలిగినట్టే ఉంటుంది. యాసిడ్ పెడితే నలిగిన చోట ఒక రకంగా, నలగని చోట ఇంకో రకంగా తింటుంది. పాత సరుకు తొట్టిలో దింపినప్పుడు ఎన్నిసార్లు చూశాను, ఎప్పుడో అరిగిపోయిన అచ్చులు కాసేపు పైకి తేలి కనపడేవి. కాస్టిక్ సోడా తీసుకురా. నైట్రిక్ యాసిడ్, దూది, బకెట్టుడు నీళ్ళు. అన్నీ బయటికే."

"పొగ," అంది అమ్మ.

"తొట్టి కాదే, దూదిపింజ. నువ్వు ఫ్యాను పట్టుకో."

షాపు ముందు రేకుల పందిరి కింద బల్ల వేశాం. నాన్న మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. అమ్మ బల్ల ఫ్యానుని పక్కనుంచి పెట్టి, గాలి ఆయన మొహానికి ఎదురు రాకుండా ఒక చేత్తో సరిచేస్తూ నిలబడింది. కాస్టిక్‌లో ముంచిన దూదితో నాన్న ఆ రెండువేళ్ళ వెడల్పు చోటుని నెమ్మదిగా తడిపేవాడు. నల్లగా మారేది. నీళ్ళతో కడిగి నైట్రిక్ రాస్తే తెల్లబడేది. మళ్ళీ కడిగి, ఏటవాలుగా వెలుగుకి పట్టి చూసేవాడు. ఏమీ లేదు. మళ్ళీ కాస్టిక్. దూది అందించడం, నీళ్ళు పొయ్యడం నా పని. అలా ఎన్నిసార్లో లెక్క తప్పాను.

మూడున్నరకి నాన్న చెయ్యి ఆగింది. "ఇటు రా," అన్నాడు. ఆయన భుజం మీదుగా వంగి చూశాను. తడి ఆరుతున్న లోహంలో ఒక సన్నటి బూడిదరంగు నీడ నిటారుగా నిలబడి ఉంది. ఒకటి అంకె. కాసేపటికి దాని పక్కన రెండు సున్నాలు ఒకదానిమీదొకటి పేర్చినట్టు ఎనిమిది. తర్వాత మూడు, సున్నా. చివరి అంకె దగ్గర మాత్రం ఒక ఏటవాలు గీత తప్ప ఏమీ రాలేదు.

"ఇంకోసారి రాయనా?" అన్నాను దూది ముంచి.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు. ఇంకొక్కసారి రాశావంటే వచ్చినవి కూడా పోతాయి. ఎక్కడ ఆపాలో తెలియడమే పాలిష్ పని. నీకు అదొక్కటే నేర్పలేదు నేను."

తనిఖీ మనిషి అయిదుకి రెండు నిమిషాలుండగా వచ్చాడు. పొడుగాటి, నవ్వురాని మనిషి. ముందు ఫ్రేము నంబరు చూసి టిక్కు పెట్టుకున్నాడు. తర్వాత చిప్ప దగ్గరికి వచ్చాడు. జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. ఆయన చంకలోని పాత రిజిస్టరు విప్పాడు. అందులో ప్రతి బండి పేజీకీ పల్చటి కాగితం ఒకటి అతికించి ఉంది. నంబరు మీద ఆ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన ముద్ర. ఆ రోజుల్లో అలా తీసుకునేవారని మేస్త్రీకి కూడా గుర్తులేదు. ఆయన మొహం వెలవెలబోయింది. అయిదు దెబ్బలు కొట్టేసి ఉంటే అక్కడే దొరికిపోయేవాళ్ళం.

తనిఖీ మనిషి భూతద్దం తీసి ఒక అంకె చిప్పమీద, ఒక అంకె కాగితం మీద చూసుకుంటూ వెళ్ళాడు. చివరిదాని దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇది ఏడేనా?" అన్నాడు.

"నాకు గీతే కనపడింది," అన్నాడు నాన్న. "ఏడని నేను చెప్పను. మీరే చూడండి."

ఆయన కాగితాన్ని వెలుగుకెత్తి పట్టుకున్నాడు. పెన్సిలు ముద్రలో కూడా ఏడు పైగీత సరిగ్గా పడలేదు. నిలువుగీత పక్కకి ఒరిగిపోయి ఉంది. చిప్పమీద ఒరిగినంతే.

"కొట్టినవాడు ఆరోజు తొందరలో ఉన్నట్టున్నాడు," అంటూ టిక్కు పెట్టి, కలం ఇంకో గడిమీదికి దింపాడు. "నడిపేదెవరు?"

ఆ సంగతి మాలో ఎవరూ పైకి అనుకోలేదు. మేస్త్రీ తన మేనల్లుడి పేరు చెప్పబోయాడు. నాన్న చేతులు కడుక్కుంటూ ఎటో చూస్తున్నాడు.

"ఇంకెవరు, ఈయనే," అంది అమ్మ ఫ్యాను ఆపుతూ. "డాక్టరు పొగ వద్దన్నాడు. కొండమీద ఉన్నదంతా గాలే కదా."

నాన్న కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాడు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

ఆ తర్వాత మూడు వారాలూ రోజూ పొద్దున్నే వచ్చి పందిరి కిందే కుర్చీ వేయించుకునేవాడు. మాటలు వచ్చాయి, కానీ అన్నీ పనిమాటలే. ఆ నట్టు మార్చు, ఆ తీగ బిగించు, చైను వదులు చెయ్యి. ఇంటికొస్తే మళ్ళీ మౌనం. అయినా అన్నం తనే అడిగి పెట్టించుకునేవాడు. ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు వీధి చివరిదాకా కిటికీలు తెరుచుకున్నాయి. మేస్త్రీ స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు తియ్యలేదు.

రేసు రోజున అందరూ కొండకింద స్టార్టు దగ్గర గుమిగూడితే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే పైకి నడిచింది. ఎనిమిది మలుపుల దారి. ఒక్కొక్క బండిని విడిగా వదులుతారు, గడియారంతోనే పోటీ. ఆరో మలుపు దగ్గర గడ్డిగట్టు మీద అమ్మ ఆగిపోయింది.

"ఇక్కడే పడ్డారు," అంది. "ఆరోజు నేను ఇంట్లో ఉన్నాను. ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు. ఈసారి నాకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు."

నలుగురు వెళ్ళారు. అయిదోది నాన్నది. కనపడకముందే వినపడింది. ఒంటి సిలిండరు మోత కిందినుంచి ఒక్కో మలుపూ ఎక్కుతూ వచ్చింది. మలుపు మలుపుకీ గొంతు తగ్గించి, మళ్ళీ పెంచి. అయిదో మలుపు దాటిన మోత మా వైపు తిరిగినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. నాన్న వచ్చాడు. ఒళ్ళంతా ట్యాంకుమీదికి వంచి, లోపలి మోకాలు బయటికి చాపి, ఆ ఒరిగిన బండితో పాటు ఒరిగి, మా ఎదురుగా తిరిగి, లేచి, వెళ్ళిపోయాడు. కంకర రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి మా కాళ్ళదగ్గర ఆగింది. అమ్మ గోళ్ళ గుర్తులు నా చేతిమీద రెండు రోజులు కనపడ్డాయి.

లౌడ్‌స్పీకర్లో సమయం చెప్పారు. పాతబండ్ల తరగతిలో మొదటి స్థానం, రెండోవాడికన్నా సెకనున్నర ముందు. పోటీలో ఉన్నది అయిదుగురే అనుకోండి. అయిదుగురిలో మొదటివాడైనా మొదటివాడే. నేను గట్టుమీంచి దూకి పైదాకా పరిగెత్తాను. పైన కాచుకుని ఉన్న మేస్త్రీ అప్పటికే నాన్నని వాటేసుకుని ఉన్నాడు. పడకముందటి రేసుల్లో తన సమయం కన్నా కూడా నాలుగు సెకన్లు తగ్గిందని ఎవరో అంటే, నాన్న తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు మట్టిరోడ్డు, ఇప్పుడు తారురోడ్డు. అది లెక్కలోకి రాదు," అన్నాడు. అంటూనే నవ్వుతున్నాడు. నవ్వినప్పుడు నాన్న ఎలా ఉంటాడో నేను అప్పటికి మర్చిపోయాను.

బండిని వెనకాల కట్టుకుని మేస్త్రీ వ్యానులో ఇంటికి బయల్దేరాం. నాన్న నాకూ అమ్మకీ మధ్య కూర్చున్నాడు. వ్యాను కొండ దిగకముందే మొదలుపెట్టాడు. మొదటి మలుపులో రెండో గేరు ఎందుకు వెయ్యలేదో, రెండో మలుపులో టైరు ఎలా పట్టిందో, మూడో మలుపుకీ నాలుగో మలుపుకీ మధ్య ఊపిరి ఎలా అందిందో. చేతులు ఊపుతూ, నా తొడమీద గీతలు గీసి చూపిస్తూ. ఆర్నెల్లు దాచినదంతా ఒక్కసారే బయటికొస్తోంది. అయిదో మలుపు గురించి చెప్పి, ఏడో మలుపులోకి వెళ్ళాడు. ఎనిమిది అయ్యాక మళ్ళీ మొదటినుంచి. రెండోసారీ అయిదు తర్వాత ఏడే. మూడోసారీ అంతే. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నాలుగోసారి అయిదో మలుపు అయిపోయి, నాన్న ఒక్కక్షణం ఆగాడు. "ఇక ఏడో మలుపులో..." అన్నాడు.

"అయిదు తర్వాత ఏడు ఎక్కడైనా వస్తుందా?" అంది అమ్మ తల తిప్పకుండానే. "ఆరోది చెప్పండి."

నాన్న అమ్మ వైపు తిరిగాడు. ఆమె కూడా అప్పటికి ఇటు తిరిగింది.

"ఆరో మలుపులో," అని నాన్న ఆమెకి చెప్పడం మొదలుపెట్టాడు.